ఆ ప్రాణం ఏ రోజు చేజారింది?

[తెర మీద: నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి గేటు]

అంటురోగాల చావుల్లో అంకెలు చూస్తే టీబీదే పైచేయి. 2023లో ప్రపంచమంతా కలిపి దాదాపు 12.5 లక్షల మంది పోయారు. దాని పక్కన కుక్కకాటుతో వచ్చే రేబీస్ అంకె చిన్నది. కానీ ఇంకో లెక్క ఉంది: ఆ మనిషిని దక్కించుకునే ఆఖరి గడియ ఎప్పుడు దాటిపోయింది?

టీబీలో ఆ గడువు నెలల తరబడి ఉంటుంది. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. నయమైందని మానేసేది అక్కడే. మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి.

[తెర మీద: జ్వరం చార్టు, గీత కిందికి దిగుతుంది]

డెంగీలో గడువు ఒకటి రెండు రోజులే. అదీ జ్వరం దిగాక, జ్వరం మొదలైన మూడు నుంచి ఏడో రోజు మధ్య. ఇంట్లో అందరూ ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని కూర్చుంటారు. అసలు ముప్పు రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కారిపోవడం. ఆగని కడుపునొప్పి, వాంతులు, చిగుళ్లలో రక్తం, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

[తెర మీద: కుళాయి ధార, సబ్బు, పిల్లవాడి పిక్క]

రేబీస్ మాత్రం గుండె కోసేస్తుంది. వైరస్ నరాల వెంట మెదడుకు చేరడానికి చాలామందిలో రెండు మూడు నెలలు పడుతుంది. అంత వ్యవధి ఉండీ, నీళ్లు చూసి భయపడటం మొదలయ్యాక దాదాపు ఎవరూ దక్కరు.

కరిచిన వెంటనే ధార కింద సబ్బుతో కడగండి, గడియారం చూసి 15 నిమిషాలు. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. టీకా కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో; చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల. 0 అంటే మొదటి డోసు పడిన రోజు. పుండు ఎండిందని మధ్యలో ఆపొద్దు.

ఎక్కువగా తప్పిపోయేది ఇమ్యూనోగ్లోబులిన్, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు. రక్తం వచ్చిన కాటుకు టీకా ఒక్కటే చాలదు, ఎందుకంటే అది పనిచేయడానికి వారానికి పైగా పడుతుంది. ఈ మందును నేరుగా గాయంలోకే ఎక్కిస్తారు. మొదటి డోసు తర్వాత ఏడు రోజులు దాటితే ఇక ఇవ్వరు. డాక్టరు గారు ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

పెద్దలు తిడతారన్న భయంతో పిల్లలు కాటు దాచేస్తారు. స్నానం చేయించేటప్పుడు కాళ్లూ చేతులూ చూడండి. కొత్త గీత కనిపిస్తే గదమాయించకుండా అడగండి: "ఏ కుక్క నాన్నా? ఎప్పుడు?"