కాలేజీ ఫీజు, ట్యాక్స్ క్రెడిట్: ఫుల్‌టైమా, హాఫ్‌టైమా?

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో పిల్లల్ని కాలేజీలో చదివిస్తున్నవాళ్లకు జనవరి నెలాఖరుకల్లా కట్టిన ఫీజు వివరాలు చూపే 1098-టీ అనే ఫారం రావాలి. చాలా కాలేజీలు పోస్టులో పంపవు, విద్యార్థి లాగిన్‌లో పెట్టి ఊరుకుంటాయి. ముందు మీ అమ్మాయినో అబ్బాయినో అడిగి అది తెప్పించుకోండి.

ఫారం చేతికి రాగానే అందరి కళ్లూ ఒకటో గడిలోని డాలర్ల మీదికే వెళ్తాయి. నన్నడిగితే ముందు ఎనిమిదో గడి చూడాలి. అక్కడ టిక్కు ఉందంటే, విద్యార్థి కనీసం హాఫ్‌టైమ్ చదివినట్టు కాలేజీ చెబుతోందన్నమాట. కాలేజీ ఫీజుకు బదులుగా మీ పన్నులో తగ్గింపు ఇచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌కు అది కావాలి. ఫీజులో మొదటి 2,000 డాలర్లకు పూర్తిగా, తర్వాతి 2,000కు పావు వంతు, మొత్తం ఒక్కో విద్యార్థికి 2,500 దాకా వస్తుంది. డిగ్రీ కోసం చదువుతూ ఆ ఏడాది మొదలైన ఒక్క సెమిస్టర్‌లో హాఫ్‌టైమ్ ఉన్నా చాలు. అండర్‌గ్రాడ్యుయేట్ చదువులో మామూలుగా సెమిస్టర్‌కు 12 కోర్సు క్రెడిట్లు ఫుల్‌టైమ్, 6 హాఫ్‌టైమ్. అయితే ఆ లెక్క తేల్చేది కాలేజీయే.

తికమక ఎక్కడంటే, అదే పిల్లల్ని మీ రిటర్న్‌లో డిపెండెంట్‌గా, అంటే మీ మీద ఆధారపడ్డవాళ్లుగా చూపడానికి కొలత వేరు. డిసెంబరు 31 నాటికి 19 నిండకపోతే చదువు ప్రసక్తే లేదు. 19 నిండి 24 నిండకపోతే మాత్రం ఏడాదిలో 5 నెలలు ఫుల్‌టైమ్ చదివి ఉండాలి. ఆ నెలలు వరుసగా ఉండక్కర్లేదు, నెలలో కొన్ని రోజులు చదివినా ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఏడాది విరామం తీసుకున్న ఇరవయ్యేళ్ల అబ్బాయి ఆగస్టు 25న చేరాడనుకోండి, డిసెంబరుకల్లా 5 నెలలు. సెప్టెంబరు మొదటివారంలో చేరితే 4 నెలలే, ఆదాయం చాలా తక్కువైతే తప్ప ఆ ఏటికి డిపెండెంట్ కాడు. మేలో పట్టా పుచ్చుకున్న అమ్మాయికి జనవరి నుంచి మే దాకా 5 నెలలు ఉన్నట్టే. హాస్టల్లో ఉన్న రోజుల్ని మీ ఇంట్లో ఉన్నట్టే లెక్కిస్తారు. తన పోషణలో సగానికి మించి తానే భరించుకుంటే మాత్రం కుదరదు.

తరచూ జరిగే పొరపాటు ఇంకోటి. వేసవిలో పార్ట్‌టైమ్ పని చేసిన పిల్లలు, మీకంటే ముందే సొంత రిటర్న్ వేసేసి, తమను వేరొకరు డిపెండెంట్‌గా చూపవచ్చన్న గడిలో టిక్కు పెట్టడం మరిచిపోతారు. తర్వాత మీరు ఆన్‌లైన్లో వేసిన రిటర్న్ తిరిగొచ్చేయవచ్చు. వాళ్లు 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో సరిదిద్దాలి.

నాలుగేళ్ల కోర్సు, ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది కాబట్టి, 5 పన్ను సంవత్సరాల్లో పడుతుంది. క్రెడిట్ మాత్రం నాలుగింటికే. మొదటి ఏడు ఒక్క సెమిస్టరే కదా, స్కాలర్‌షిప్ పోను ఫీజు తక్కువైతే ఆ ఏడు వదిలేయడం మేలు. జనవరి సెమిస్టర్ ఫీజు డిసెంబరులో కడితే, అది కట్టిన ఏటి లెక్కే. అప్పుడు చివరి ఏటి ఫారం ఖాళీగా రావచ్చు.

మధ్యలో కోర్సు మానేస్తే, తిరిగి రాని ఫీజు లెక్కకు వస్తుంది, వాపసొచ్చింది తీసేయాలి. హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్ పనికిరావు. బయట కొన్న పాఠ్యపుస్తకాలు పనికొస్తాయి, రసీదు ఉంచుకోండి. చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతా నుంచి కట్టిన డాలరును మళ్లీ క్రెడిట్‌కు చూపకూడదు. హాఫ్‌టైమ్ కూడా లేకపోతే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ ఉంది. ఫీజులో 20 శాతం, కానీ రిటర్న్ మొత్తానికి 2,000 మించదు, పన్ను లేకుంటే పైసా రాదు.

2026 పన్ను సంవత్సరం నుంచి సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్లకు పన్నుల శాఖ ఇచ్చే ఐటిన్ నంబరు సరిపోదు, విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) మీదున్న పిల్లల తల్లిదండ్రులు ఇది గమనించాలి.

దంపతుల ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే క్రెడిట్ తగ్గుతూ పోయి 1,80,000కు సున్నా అవుతుంది. ఇద్దరూ ఉద్యోగస్తులైన ఇళ్లలో చాలామందికి ఇక్కడే ఆట కట్టు. అప్పుడు పిల్లల్ని డిపెండెంట్‌గా చూపడం మానుకుంటే, వాళ్ల సొంత పన్ను మేరకు వాళ్లే క్రెడిట్ తీసుకోవచ్చు. మీకు పోయేది 500 డాలర్ల డిపెండెంట్ క్రెడిట్. పిల్లల పన్ను అంతకంటే ఎక్కువుందో లేదో ఈ క్రెడిట్లు లెక్కగట్టే 8863 ఫారం నింపి రెండు రకాలుగానూ వేసి చూడండి.