ఆపి, వెనక్కి వెళ్లి, మళ్లీ చేయిద్దాం

తోటి అధ్యాపకులకు, హౌస్ సర్జన్లకు నమస్కారం.

గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్‌లో ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రావాలి. వైవాలో ఏ విద్యార్థిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. క్యాజువాలిటీలో పేషెంట్ గుండె ఆగితే మాత్రం ఆ చేతులే ఆడవు. 2019 నుంచి ఎంబీబీఎస్ ఫౌండేషన్ కోర్సులో బేసిక్ లైఫ్ సపోర్ట్, అంటే సీపీఆర్ లాంటి ప్రాణం నిలిపే ప్రాథమిక సాయం, చేర్చారు. మంచి పనే. కానీ సీపీఆర్ నైపుణ్యం సాధన లేకపోతే కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. మొదటి ఏడాదిలో ఒకసారి మానికిన్ (శిక్షణకు వాడే మనిషి బొమ్మ) మీద చేసింది హౌస్ సర్జన్సీ దాకా ఎలా నిలుస్తుంది?

మనం నేర్పే తీరులో ఇంకో లోపం ఉంది. నమూనా కేసు ఇస్తాం, ఆసాంతం చేయనిస్తాం, చివర్లో కూర్చోబెట్టి తప్పులు చెబుతాం. విద్యార్థి తలూపి వెళ్లిపోతాడు. సరైన పద్ధతిలో ఒక్కసారి కూడా చేసి చూడడు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టర్ ఎలిజబెత్ హంట్ బృందం ఈ వరస మార్చింది. దీన్ని ర్యాపిడ్ సైకిల్ డెలిబరేట్ ప్రాక్టీస్ అంటారు. తప్పు కనబడగానే ఆపుతారు, ఎలా చేయాలో క్లుప్తంగా చెబుతారు, పది సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ చేయిస్తారు. పిల్లల వైద్య విభాగం రెసిడెంట్ల మీద వాళ్లు చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఇలా నేర్చుకున్నాక సిమ్యులేషన్‌లో, అంటే నమూనా కేసులో, వాళ్ల పనితీరు స్పష్టంగా మెరుగుపడింది.

గుండెకు కరెంట్ షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్‌ను చార్జ్ చేసే ఘట్టమే తీసుకోండి. అందరూ చేతులు తీసేసి మెషిన్ వైపు చూస్తుంటారు. ఆ కాసేపూ మెదడుకు రక్తం అందదు. అక్కడే ఆపి, "చార్జ్ అయ్యేదాకా నొక్కుతూనే ఉండమ్మా, షాక్ ఇచ్చేముందు తియ్యి" అని చెప్పి, వెంటనే మళ్లీ చేయించాలి. చేతికి పట్టుబడేదాకా వదలకూడదు.

అయితే మధ్యలో ఆపుతామని ముందే చెప్పాలి. సీనియర్ల ముందు తప్పు చేయడమంటేనే మన పిల్లలకు టెన్షన్. నలుగురిలో చిన్నబుచ్చితే ఈ పద్ధతి మొత్తం పాడవుతుంది. ఈ మాట మనకోసమే, టీచర్లకోసం.

ఖరీదైన సిమ్యులేటర్ లేదని ఆగనక్కర్లేదు. మామూలు మానికిన్, ఫోన్‌లో నిమిషానికి 110 టిక్కులకు పెట్టిన మెట్రోనోమ్ (లయ చూపే) యాప్ చాలు. లోతు చూపించే పరికరం ఉంటే మరీ మంచిది. ఆ మానికిన్‌ను స్కిల్ ల్యాబ్‌లో తాళం వేసి ఉంచకుండా వార్డు డ్యూటీ రూమ్‌లో పెట్టి, స్టాఫ్ నర్సులను కూడా కలుపుకుని, నెలకోసారి పది నిమిషాలు చేయిద్దాం. ముందుగా ఏ వార్డు మొదలుపెడుతుందో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.