కళ్ళతో మాట్లాడేవాళ్ళు మన కళ్ళలోకి ఎందుకు చూడరు?

నమస్కారం. అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఇప్పుడు ఓ ఇరవై సెకన్లు నేనేమీ మాట్లాడను. మీరు ఊరికే చూస్తూ ఉండండి.

...

అయిపోయింది. చెప్పి మరీ ఊరుకున్నాను కదా, అయినా వీడియోని ముందుకు జరిపేసినవాళ్ళు ఎంతమంది? నేనైతే కచ్చితంగా జరిపేసేవాణ్ణి. కళ్ళతో టైప్ చేసి మాట్లాడే మనిషికి "నాకు ఆకలిగా లేదు" అన్న మూడు ముక్కలు చెప్పడానికి దాదాపు అంత సేపు పడుతుంది.

కొందరిని ఈ స్థితికి తెచ్చే జబ్బు ఏఎల్ఎస్. ఆ పేరు చెబితే 2014లో తల మీద బకెట్‌తో ఐస్ నీళ్ళు పోసుకున్న వీడియోలు చాలామందికి గుర్తుంటాయి. బకెట్ గుర్తుంది, జబ్బు మర్చిపోయాం. మన మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు "కదులు" అన్న ఆజ్ఞను మోసుకెళ్ళే నరకణాలుంటాయి, వాటిని మోటార్ న్యూరాన్లు అంటారు. ఈ జబ్బులో అవి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. 1869లోనే ఫ్రాన్స్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని వివరించాడు. కొందరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవడంతో మొదలవుతుంది, కొందరికి నడకలో పాదం ఈడుస్తుంది, కొందరికి మాట ముద్దముద్దగా వస్తుంది. మొదలయ్యాక ఎక్కువమంది 2 నుంచి 5 ఏళ్ళు బతుకుతారు. పదేళ్ళు దాటేవాళ్ళు నూటికి పది మంది. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ళ వయసులో బయటపడింది, 2018 దాకా బతికాడు. అది చాలా అరుదు.

స్పర్శ మాత్రం పోదు. ముక్కు మీద దోమ వాలితే తెలుస్తుంది, తోలుకోవడం కుదరదు. కొందరికి ఆలోచన మీద, ప్రవర్తన మీద కూడా జబ్బు ప్రభావం ఉంటుంది కానీ, చాలామందికి లోపలి మనిషి లోపలే ఉంటాడు. చేతులు, కాళ్ళు, నాలుక ఒక్కొక్కటే మాట వినడం మానేసినా, కనుగుడ్లను తిప్పే కండరాలు చాలాకాలం నిలబడతాయి. వాటిని నడిపే నరకణాలు ఈ జబ్బును మిగతావాటికన్నా గట్టిగా తట్టుకుంటాయి. కళ్ళతో టైప్ చేసే ఈ టెక్నాలజీ అంతా ఆ ఒక్క మినహాయింపు మీదే నిలబడింది.

స్క్రీన్ కింద ఒక సన్నటి పట్టీ ఉంటుంది. అది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మొహం మీదకి వదులుతుంది. ఆ కాంతి నల్లగుడ్డు పై పొర మీద ఒక చిన్న మెరుపుగా పడుతుంది. కెమెరా ఆ మెరుపునీ, కంటిపాప మధ్యభాగాన్నీ పోల్చి, చూపు స్క్రీన్ మీద ఎక్కడుందో లెక్కగడుతుంది. మొదట్లో కొన్ని చుక్కలు చూపించి, ఈ మనిషి కన్ను ఎలా కదులుతుందో నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఒక అక్షరం మీద అర సెకనో, సెకనో చూపు నిలిపితే అది నొక్కినట్టు లెక్క.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన వేలు కీ మీద ఊరికే ఆనించి ఉంచొచ్చు, నొక్కాలనుకున్నప్పుడే నొక్కుతాం. కన్ను అలా కాదు, తెరిచి ఉన్నంతసేపూ ఎక్కడో ఒకచోట వాలుతూనే ఉంటుంది. ముట్టుకున్నదల్లా బంగారమైపోయే మిడాస్ రాజు పేరు మీద దీన్ని మిడాస్ టచ్ సమస్య అంటారు. చూపు నిలిపే సమయం తగ్గిస్తే అనుకోనివన్నీ పడిపోతాయి, పెంచితే వేగం చచ్చిపోతుంది. దీనికి తోడు ఎండ తగిలితే కెమెరా తడబడుతుంది, కళ్ళద్దాలు మెరుస్తాయి, తల కాస్త పక్కకి ఒరిగితే గురి తప్పుతుంది, సాయంత్రానికి కళ్ళు పొడిబారి మండుతాయి.

అన్నట్టు, హాకింగ్ కూడా కళ్ళతోనే టైప్ చేసేవాడని చాలామంది అనుకుంటారు. చివరి ఏళ్ళలో ఆయన వాడింది చెంప. కళ్ళజోడుకి తగిలించిన సెన్సరు చెంప కండరం కదలికను పసిగట్టేది.

2024లో ఐఫోన్‌లో కూడా చూపుతో నడిపే సదుపాయం వచ్చింది కదా, నేనూ ఒక పావుగంట కూర్చున్నాను. మెడ పట్టేసింది, కంట్లో నీళ్ళు. రాసిందేమో ఒకటిన్నర వాక్యం. పైగా మన లిపి సంగతి వేరు. అక్షరాలు, ఒత్తులు విడివిడిగా కొట్టాల్సిన కీబోర్డులో "లక్ష్మి" అన్న పేరుకి ఏడు చోట్ల గురి చూడాలి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఇందులో చేయి తిరిగినవాళ్ళు కూడా ఉన్నారు. కన్ను తిరిగినవాళ్ళు అందామంటే అర్థం మారిపోతుంది. వాళ్ళకి కూడా నిమిషానికి పది, ఇరవై మాటలు దాటడం కష్టం. మనం మామూలుగా మాట్లాడితే నూట ఇరవై, నూట యాభై.

ఈ తేడా వల్ల పోయేది సమయం ఒక్కటే అనుకున్నాను మొదట. కాదు. జోకు పోతుంది. నలుగురూ కూర్చుని నవ్వుకుంటుంటే, కళ్ళతో మాట్లాడే ఆయనకి ఒక మంచి మాట తడుతుంది, రాయడం మొదలుపెడతాడు. పూర్తయ్యేసరికి మాట ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. యంత్రం జోకు చదువుతుంది, అందరూ "ఏంటి?" అని చూస్తారు. వివరించిన జోకు ఎవరికి నవ్వు తెప్పిస్తుంది? కోపం కూడా అంతే. గొంతు పెంచడానికి లేదు, మధ్యలో అడ్డుపడటానికి లేదు, భార్య చెవిలో గుసగుసగా చెప్పుకోవడానికీ లేదు. ఇలా కొన్నాళ్ళు గడిచాక ఇంట్లోవాళ్ళు "నీళ్ళు కావాలా, పక్కకి తిప్పాలా" అన్న ప్రశ్నలకి దిగిపోతారు, ఎందుకంటే వాటికి జవాబు రెప్ప వేసేలోపు వస్తుంది. ప్రేమ లేక కాదు. అవతల స్టవ్ మీద ఏదో మాడుతుంటుంది.

ఇక మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. కన్ను కలమైపోయింది కాబట్టి, మీతో మాట్లాడుతున్నంతసేపూ ఆ మనిషి మిమ్మల్ని చూడలేడు. చూపు మీ వైపు తిప్పితే రాత ఆగిపోతుంది. చూడటానికి వచ్చినవాళ్ళేమో "నా మొహం కూడా చూడలేదు" అని నొచ్చుకుంటారు. కొందరు వెనక్కి వెళ్ళి స్క్రీన్ చదివి, సగంలోనే వాక్యం పూర్తి చేసేస్తారు. ఇది కొందరికి ఇష్టం, శ్రమ తగ్గుతుంది. కొందరికి చెప్పలేనంత చిరాకు. ముందే అడిగేస్తే సరిపోతుంది.

గొంతు సంగతి కూడా చెప్పాలి. మాట ముద్దగా అవ్వకముందే గొంతు దాచుకోవచ్చు. 2023లో ఐఫోన్‌లో వచ్చిన పర్సనల్ వాయిస్ లాంటివి, కొన్ని వాక్యాలు చదివిస్తే మన గొంతుకి దగ్గరగా ఒక కృత్రిమ గొంతు తయారుచేస్తాయి. ఇదొక రకం. మన మాటల్ని ఉన్నవున్నట్టుగా రికార్డు చేసి పెట్టుకోవడం ఇంకో రకం. నన్నడిగితే "ఆకలేస్తోంది" లాంటివి యంత్రానికి వదిలేయొచ్చు. రికార్డు చెయ్యాల్సింది నవ్వు, ముద్దుపేర్లు, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కునే ఆ "అబ్బబ్బా". వాయిదా వేస్తే కుదరదు, ఎందుకంటే డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజున గొంతు గురించి ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు, ఓపిక వచ్చేసరికి గొంతు ఉండకపోవచ్చు. హాకింగ్‌ది ఇంకో దారి. ఆయన వాడిన యంత్రపు గొంతుకి నమూనా డెనిస్ క్లాట్ అనే శాస్త్రవేత్త సొంత గొంతు. తర్వాత మెరుగైనవి ఎన్నో వచ్చినా ఆయన మార్చుకోలేదు, అది తన గొంతే అన్నాడు.

ముందుముందు కళ్ళ అవసరం కూడా తగ్గొచ్చు. 2023లో కాలిఫోర్నియాలో ఒక ఏఎల్ఎస్ రోగి మెదడులో సెన్సర్లు అమర్చారు. ఆయన పలకడానికి ప్రయత్నించే మాటల్ని కంప్యూటరు 97 శాతం దాకా సరిగ్గా పట్టుకుంది, జబ్బుకు ముందున్న ఆయన గొంతుతోనే వినిపించింది. అయితే అది ఆపరేషన్‌తో కూడిన ప్రయోగం.

ఈలోగా బ్యాటరీ అయిపోయినప్పుడు, స్నానం చేయించేటప్పుడు, అర్ధరాత్రి పనికొచ్చేది ఒకటుంది. అక్షరాలు రాసిన ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. దాన్ని ఇద్దరి మొహాల మధ్య పట్టుకోవాలి. అవతలి మనిషి ఒక అక్షరం వైపు చూస్తాడు. మీరు ఆ షీటుని మెల్లగా జరుపుతూ వెళ్ళాలి, అతని చూపూ మీ చూపూ సూటిగా కలిసేదాకా. కలిసిన చోట మధ్యలో ఏ అక్షరం ఉందో, అదే అతను చెప్పాలనుకున్నది.