ఎర్రర్ పెట్టెలో చివరి ముక్క

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్ళీ చదవను. విర్ట్ మేనేజర్‌లో, అంటే లినక్స్‌లో వర్చువల్ మెషీన్లను చూసుకునే ప్రోగ్రాములో, వచ్చే కనెక్షన్ ఎర్రర్లన్నీ చెప్పమన్నారు. అన్నీ కుదరదు.

వెనక ఉండి ఆ మెషీన్లను నడిపేది లిబ్‌విర్ట్. "లిబ్‌విర్ట్‌కు కనెక్ట్ కాలేదు" అన్న మొదటి వాక్యం చూడగానే మనవాళ్ళు మొత్తం పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. అసలు సంగతి ఆ ఎర్రర్ చివరి ముక్కలో ఉంటుంది. అక్కడ "నో సచ్ ఫైల్" అని ఉంటే లిబ్‌విర్ట్‌తో మాట్లాడే ద్వారం, అంటే సాకెట్ ఫైలే లేదు, అంటే సర్వీసు లేవలేదు. ఉబుంటులో లిబ్‌విర్ట్‌డి అనే సర్వీసు చూడండి. ఫెడోరాలో 35వ వెర్షన్ నుంచి ఆ పనిని వేర్వేరు సర్వీసులుగా ముక్కలు చేశారు, అక్కడ విర్ట్‌క్యూఈఎంయూడి చూడాలి. స్టేటస్‌లో "ఇనాక్టివ్" అని కనబడితే కంగారొద్దు. పని లేకపోతే 120 సెకన్లకు అది నిద్రపోతుంది, ఎవరైనా పిలిస్తే సాకెట్ లేపుతుంది. ఆ సాకెట్ యూనిట్ నడుస్తోందా లేదా అన్నదే ప్రశ్న.

"పర్మిషన్ డినైడ్" అయితే? చేతులెత్తండి, సాకెట్‌కి 777, అంటే అందరికీ అన్ని అనుమతులు, కొట్టినవాళ్ళు ఎంతమంది? దాచుకోకండి. ఆ సాకెట్‌లో రాయగలిగినవాడికి ఆ మెషీన్ మీద రూట్ అధికారం, అంటే సర్వాధికారం, చేతికిచ్చినట్టే! పైగా రీబూట్ చేస్తే 777 పోతుంది, ఎర్రర్ తిరిగొస్తుంది. ఉబుంటులో చేయాల్సింది యూజర్‌ని లిబ్‌విర్ట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్ళీ లోపలికి రావడం. ఇక్కడో బురిడీ ఉంది: గ్రూపులు చూపే ఐడి కమాండ్‌కి యూజర్ పేరిస్తే కొత్త గ్రూపు అప్పుడే కనిపిస్తుంది. పేరివ్వకుండా ఉత్త ఐడి కొట్టండి, మీ సెషన్‌కి ఉన్నదేమిటో అది చెబుతుంది. మళ్ళీ చెబుతున్నా, 777 వద్దు.

దూరపు మెషీన్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ గురించి చెబుదామనుకున్నా, గంట కొట్టేస్తున్నారు. ముందు టెర్మినల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ చేసి చూడండి, అక్కడ కాకపోతే ఇక్కడా కాదు. ఇక కనెక్షన్ చిరునామాలో స్లాషులు: సొంత మెషీన్‌కి క్యూఈఎంయూ, కోలన్, మూడు స్లాషులు, సిస్టమ్. దూరపు మెషీన్‌కి రెండో స్లాషుకీ మూడో స్లాషుకీ మధ్య హోస్ట్ పేరు వస్తుంది. సిస్టమ్ బదులు సెషన్ అని రాస్తే ఎర్రరే రాదు, మీ యూజర్‌కి వేరుగా ఉండే ఖాళీ జాబితా వస్తుంది. "నా మెషీన్లు మాయమయ్యాయి" అని వచ్చేవాళ్ళలో చాలామంది కథ ఇదే. డిస్కులు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.