జడ్సన్ దిండు: ప్రసంగాల్లో వినిపించని సగం కథ

(తెర మీద: కర్నూలు కొండారెడ్డి బురుజు. ఆ వెంటనే బర్మా పటం.)

అందరికీ నమస్కారం. కర్నూలు చర్చిల్లో మిషనరీల మీద ప్రసంగం జరిగితే దిండు కథ వినే ఉంటారు. బర్మా జైల్లో ఒక అమెరికా మిషనరీ, ఆయన తల కింద దిండు, ఆ దిండులో బైబిలు. కథ నిజమే. కాకపోతే అందులో ఉన్నది బైబిలంతా కాదు, దాని రెండో భాగమైన కొత్త నిబంధనకు బర్మీస్ అనువాదం, చేతిరాత ప్రతి. పైగా అది చివరికి మిగిలింది ఆయన జాగ్రత్త వల్ల కాదు.

ఆయన పేరు అడోనిరామ్ జడ్సన్. 1788లో అమెరికాలోని మాల్డెన్ అనే ఊళ్లో, పాస్టరు గారింట్లో పుట్టారు. 1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్‌టైన్‌తో పెళ్లయింది. అదే నెల 19న ఇద్దరూ ఓడెక్కారు. కొత్త కాపురం సముద్రం మీదే మొదలైంది.

ఆ ప్రయాణంలో జడ్సన్ బాప్తిస్మం గురించి తెగ చదివారు. కలకత్తాలో దిగాక భార్యాభర్తలిద్దరూ బాప్టిస్టులైపోయారు, అంటే నమ్మినవాళ్లు నీళ్లలో మునిగి తీసుకునే బాప్తిస్మమే సరైనదనే శాఖలో చేరారు. వాళ్లను పంపి, డబ్బులిస్తున్నది వేరే సంఘం. అంటే నడి విదేశంలో జీతం మానుకున్నట్టే! ఈ వార్త అమెరికా చేరాక, వాళ్లను పోషించడానికి అక్కడి బాప్టిస్టులు 1814లో సొంతంగా ఒక మిషన్ సంఘం పెట్టుకున్నారు.

(తెర మీద: బంగాళాఖాతం పటం. రంగూన్, నెల్లూరు, ఒంగోలు, కర్నూలు.)

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ సంఘం పంపిన శామ్యూల్ డే అనే ఆయనే 1836లో తెలుగువాళ్ల దగ్గరికి వచ్చారు. 1840లో నెల్లూరు, తర్వాత ఒంగోలు, ఆ తర్వాత మన కర్నూలు. కోల్స్ కాలేజీ తెలియని కర్నూలు మనిషి ఉండడు కదా, అది ఆ అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్లు పెట్టిందే. మనకూ జడ్సన్‌కూ చుట్టరికం అలా కలిసింది.

మళ్లీ కథలోకి. మిషనరీలంటే ఈస్టిండియా కంపెనీకి పడేది కాదు. దేశం వదిలి పొమ్మన్నారు. జడ్సన్ దంపతులు మారిషస్ వెళ్లి, అక్కణ్ణుంచి 1813 జూన్‌లో మద్రాసు వచ్చారు. మలయా తీరంలోని పెనాంగ్ పోదామనుకుంటే ఓడ లేదు. రంగూన్‌కు మాత్రం ఒకటుంది. కంపెనీ వాళ్లు పట్టుకుని వెనక్కి పంపేలోగా అదే ఎక్కేశారు. ఆన్ అప్పుడు నిండు గర్భిణి. దారిలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు.

రంగూన్‌లో అసలు పని మొదలైంది. ఇంగ్లీషు నుంచి బర్మీస్ నేర్చుకోడానికి నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. చెప్పే పంతులుగారికి ఇంగ్లీషు ముక్క రాదు. వస్తువును చూపించి పేరు అడగడం, రాసుకోవడం. పుస్తకాలేమో తాటాకుల మీద, మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేకుండా. బౌద్ధ గ్రంథాలు అర్థం కావాలంటే పాళీ భాష కూడా కావాలి. జడ్సన్ రోజంతా పంతులు ముందు కూర్చునేవారు. ఆన్ ఇల్లు నడుపుతూ, బజారు బేరాలు చేస్తూ, మాట్లాడటంలో ఆయన్ని దాటేశారు. ఆమె గురించి మన ప్రసంగాల్లో "భార్య" అని ఒక్క మాటతో సరిపెడతారు గానీ, మత్తయి సువార్తను సయామీ (ఇప్పటి థాయ్) భాషలోకి అనువదించింది ఆమె.

1819లో దారి పక్కన బర్మా పద్ధతిలో ఒక చావడి కట్టుకుని, వచ్చే పోయే వాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ ఏడాది జూన్‌లో మౌంగ్ నౌ అనే ఒక్క మనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. రంగూన్‌లో దిగిన ఆరేళ్లకు మొదటివాడు.

1823లో కొత్త నిబంధన అనువాదం పూర్తయింది. తర్వాత రాజధాని ఆవాకు మకాం మార్చారు. 1824లో ఇంగ్లీషు వాళ్లకూ బర్మాకూ యుద్ధం వచ్చింది. జడ్సన్ అమెరికావాడు, యుద్ధంతో ఆయనకేం పని? చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. అమెరికా నుంచి వచ్చే సొమ్ము బెంగాల్ మీదుగా, ఆవాలోని ఒక ఇంగ్లీషు వర్తకుడి ద్వారా చేతికందేది. ఆ లెక్కల్లో జడ్సన్ పేరు కనిపించేసరికి గూఢచారి అనుకున్నారు. రాజు వైపు నుంచి చూస్తే, ఆ అనుమానం మరీ తలాతోకా లేనిదేం కాదు.

(తెర మీద: జైలు గది గీత బొమ్మ.)

జూన్ 8న పట్టుకుపోయారు. కాళ్లకు మూడు జతల సంకెళ్లు. రాత్రిళ్లు కాళ్ల మధ్య వెదురుబొంగు దూర్చి పైకి లాగేవాళ్లు, భుజాలు మాత్రమే నేలకు ఆనేవి. అనువాదం చేతిరాత ప్రతిని ఆన్ ముందు ఇంట్లో నేలలో పాతిపెట్టారు. వానలకు పాడైపోతుందని తీసి, దిండులో పెట్టి కుట్టి జైలుకు పంపారు. ఎవరూ ఆశపడకుండా గట్టిగా, ముతగ్గా కుట్టారు.

1825 మే నెలలో ఖైదీలను వేరే ఊరి జైలుకు నడిపించారు, చెప్పుల్లేకుండా, కాలే ఇసుకలో. మే మధ్యాహ్నం బురుజు దగ్గర రోడ్డు మీద వట్టి కాళ్లతో పది అడుగులు వేసిన వాళ్లకు అదేంటో తెలుస్తుంది. ఖైదీల్లో ఒకరు చనిపోయారు. ఆ గొడవలో జైలు మనిషి దిండును పనికిరాదని విసిరేశాడు. మౌంగ్ ఇంగ్ అనే విశ్వాసి దాన్ని అయ్యగారి గుర్తుగా ఇంటికి తీసుకెళ్లాడు. లోపల ఏముందో అతనికి తెలియదు. నెలల తర్వాత విప్పి చూస్తే కాగితాలు చెక్కుచెదరలేదు.

కొత్త జైలు దగ్గరికి ఆన్ కూడా చంటిపాప మరియాను ఎత్తుకుని వచ్చారు. అక్కడే జబ్బుపడి, పాలు ఎండిపోయాయి. జైలు వాళ్లను బతిమాలి, లంచమిచ్చి, సంకెళ్లతోనే జడ్సన్ పాపను ఎత్తుకుని ఊళ్లో బాలింతల గడపలు తిరిగారు, ఒక్కపూట పాలు పట్టమని. దిండు కథ కంటే నాకు ఇది ఎక్కువ గుర్తుంటుంది.

17 నెలల తర్వాత ఆయన్ని బయటికి తీశారు. జాలిపడి కాదు, సంధి మాటలకు దుబాసీ కావాలి కాబట్టి. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధి కుదిరింది. అదే ఏడాది అక్టోబరులో, ఆయన ఊళ్లో లేనప్పుడు ఆన్ పోయారు. ఆర్నెల్లకు మరియా. ఆ తర్వాత జడ్సన్ మనుషులకు దూరమయ్యారు. అడవిలో గుడిసె వేసుకున్నారు, గొయ్యి తవ్వుకుని దాని పక్కన కూర్చునేవారు. ఇప్పుడైతే డిప్రెషన్ అంటాం. "విశ్వాసవీరుడు" అని పోస్టర్లు వేసే వాళ్లు ఈ సంవత్సరాలను దాటేస్తారు. నాకైతే దాటేయాల్సిన అవసరం కనిపించదు.

తేరుకుని, బర్మాలోనే మౌల్‌మెయిన్ అనే ఊళ్లో మళ్లీ బల్ల ముందు కూర్చున్నారు. 1834 జనవరి 31న బైబిలంతా పూర్తయింది. ఆయనకు అది నచ్చలేదు. ఇంకో ఆరేళ్లు దిద్దారు, 1840 దాకా. బర్మీస్ చర్చిల్లో ఈనాటికీ ఎక్కువగా చదివేది ఆ అనువాదమే.

తర్వాత నిఘంటువు. ఇంగ్లీషు నుంచి బర్మీస్ భాగం 1849లో ముగించారు. రెండో భాగం మధ్యలో ఉండగా జబ్బు చేసింది. గాలి మార్పు కోసం ఓడెక్కి, 1850 ఏప్రిల్ 12న సముద్రం మీదే కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని ఎడ్వర్డ్ స్టీవెన్స్ అనే సాటి మిషనరీ పూర్తిచేసి 1852లో అచ్చువేయించారు.