ఒకటి రెండు చోట్ల అంటే ఎక్కడ?

(ఒంగోలులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక వాతావరణ పరిశీలకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథపాలకులకు, పెద్దలకు, ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పరిచయంలో నన్ను వాతావరణ శాస్త్రవేత్త అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని మనవి. నేను విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఈదురుగాలి లేస్తే ముందుగా మోగేది మా ఫోనే కాబట్టి ఆకాశం చూడటం అలవాటైంది. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు వదలలేదు. మా డాబా మీద ఒక వర్షమాపకం, నీడపట్టున ఒక థర్మామీటరు, పాత టీవీ యాంటెనా గొట్టానికి కట్టిన ఎర్ర గుడ్డ పీలిక, ఒక నోటు పుస్తకం ఉన్నాయి. నా సరంజామా అంతే.

అది చూసినవారు "రేపు వాన పడుతుందా?" అని అడుగుతారు. అంతకంటే ఎక్కువ మంది ఫిర్యాదు చేస్తారు: "వాన పడుతుందని వార్తల్లో చెప్పారు, చుక్క రాలలేదు." వాతావరణ శాఖ తరఫున ఫిర్యాదులు తీసుకునే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు గానీ, జవాబు మాత్రం చెబుతుంటాను.

"కోస్తాంధ్రలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." ఈ వాక్యం అందరం వింటూనే ఉంటాం. ఇందులో 'ఒకటి రెండు చోట్ల' అన్నది నోటికొచ్చినట్టు అన్న మాట కాదు, దానికి లెక్క ఉంది. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన నమోదైతే ఒకటి రెండు చోట్ల. సగం వరకు అయితే కొన్ని చోట్ల. ముప్పావు వంతు వరకు అయితే చాలా చోట్ల. అదీ దాటితే దాదాపు అన్ని చోట్ల. నమోదు కావడమంటే కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలి. అంటే ఒకటి రెండు చోట్ల వాన అని చెప్పిన రోజున మన ఊరు పొడిగా ఉండే అవకాశమే ఎక్కువ. ఒంగోలులో చుక్క రాలలేదంటే ఆ సూచన తప్పినట్టు కాదు.

'భారీ' అన్న మాటకూ కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మి.మీ. పడితేనే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. పత్రికల్లో కనిపించే 'కుండపోత'కు మాత్రం మిల్లీమీటర్లు లేవు. ఎవరి కుండ వారిది. 2023 జులై నెలాఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. కురిసింది. అనంతపురంలో ఏడాది పొడుగునా కురిసే సగటు వాన అంతకంటే తక్కువ. మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిపే వానలో సగం నేరం మురుగుకాలవది. రెండింటినీ కుండపోత అనే రాస్తారు.

ఈ 24 గంటలు పొద్దున 8:30కి మొదలై మరుసటి పొద్దున 8:30కి ముగుస్తాయి. గ్రీనిచ్ కాలమానంలో అది సరిగ్గా 3 గంటల వేళ. ప్రపంచమంతటా పరిశీలన కేంద్రాలు ఒకే క్షణంలో కొలవడానికి పెట్టుకున్న వేళల్లో అదొకటి. అందువల్ల సోమవారం సాయంత్రం మనల్ని ముద్దగా తడిపిన వాన మంగళవారం ఖాతాలో పడుతుంది. సోమవారానికి సున్నా వేశారని నాతో గట్టిగా వాదించిన మిత్రుడొకరు ఈ సభలోనే ఉన్నారు.

పిల్లలకు ఒక మాట. వర్షమాపకం పెద్ద యంత్రమేమీ కాదు. పక్కలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న ఏ గాజు పాత్ర అయినా చాలు. వెడల్పు ఎంతైనా ఫరవాలేదు. వెడల్పు పాత్రలో ఎక్కువ నీళ్లు పడతాయి, అవి పరచుకునే చోటూ ఎక్కువే, కాబట్టి లోతు మారదు. స్కేలు పెట్టి మిల్లీమీటర్లు చదువుకోవడమే. పక్కన గోడో చెట్టో ఉంటే దాని ఎత్తుకు రెండింతలైనా దూరం జరపాలి. లేకపోతే ఏటవాలుగా వచ్చే వాన గోడకు పోతుంది, గాజులోకి రాదు. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరంలో 10 మి.మీ. పడితే 40 వేల లీటర్ల నీళ్లు. బోరు కింద సేద్యం చేసేవారికి ఈ లెక్క చెప్పి చూడండి, ఇంకెప్పుడూ చిరుజల్లును చిన్నచూపు చూడరు.

ఇక ఫోన్లలో కనిపించే మబ్బు బొమ్మలు. వాటి వెనుక ఉన్న కంప్యూటరు నేలనంతా గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక లెక్క కడుతుంది. 2025 మేలో మన దేశం వాడకంలోకి తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు, అంతకు ముందు 12. వేసవి సాయంత్రం లేచే ఉరుముల మబ్బు కొన్నిసార్లు ఆ గడిలోనే ఇమిడిపోతుంది. కాబట్టి ఉరుములకు తగిన వాతావరణం ఉందని కంప్యూటరు చెప్పగలదు గానీ లాయరుపేటలోనా గాంధీరోడ్డులోనా అని చెప్పలేదు. రాడార్ చెబుతుందిగా అంటారు. మనకు దగ్గరలో ఉన్నది మచిలీపట్నం రాడార్, దాదాపు 140 కిలోమీటర్లు. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి కిందికి వంగుతుంది. ఒంగోలు మీదికి వచ్చేసరికి ఆ కిరణం రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దాని కింద కురిసే సన్నటి తుంపర దానికి కనిపించదు. బొమ్మ శుభ్రంగా ఉండి డాబా తడిగా ఉన్న రోజున మా గాజు పాత్రకు పని దొరుకుతుంది.

జూన్ మొదటి వారంలో మన ఊళ్లో ఏటా జరిగే తమాషా ఒకటి ఉంది. కేరళను నైరుతి తాకిందని వార్త వస్తుంది. సాధారణంగా అది జూన్ 1 ప్రాంతంలో. 2025లో మే 24నే తాకింది. మనవాళ్లు గొడుగులు దులుపుకుంటారు. ఆ తర్వాతే ఒంగోలులో అసలైన వడగాలులు మొదలవుతాయి! కారణం మోసమేమీ కాదు. నైరుతి గాలి తన తడినంతా పడమటి కనుమల మీద దించేసి, దక్కన్ పీఠభూమి దాటి, పొడిగా వేడిగా మన మీదికి దిగుతుంది. అది ఎంత బలంగా వీస్తే సముద్రపు గాలి అంత ఆలస్యంగా లోపలికి వస్తుంది.

ఇక్కడే నా ఎర్ర పీలిక పనికొస్తుంది. పొద్దున దాని తోక తూర్పు వైపు ఎగురుతూ ఉంటుంది, అంటే పడమటి గాలి. పదకొండు గంటలకల్లా అది తడబడి, కాసేపు గొట్టానికి అతుక్కుని, తర్వాత తోక వాయవ్యానికి తిప్పిందంటే ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి ఊళ్లోకి వచ్చినట్టే. ఆ రోజు థర్మామీటరు 38, 39 దగ్గర ఆగిపోతుంది. మధ్యాహ్నం మూడైనా తోక తూర్పునే చూస్తుంటే 43, 44 తప్పదు. తోక తిరిగిన మరుక్షణం నుంచి పాదరసం దిగడం మొదలవుతుంది, అరగంటలో నాలుగైదు డిగ్రీలు పోతాయి. చెమట మాత్రం రెట్టింపవుతుంది, అది వేరే సంగతి. కొత్తపట్నం ఒడ్డున ఉన్నవారికి ఈ సుఖం మనకంటే ముందే దక్కుతుంది, సముద్రానికి దూరంగా లోపల ఉన్న పొదిలి వారికి చాలా రోజులు దక్కనే దక్కదు. వార్తలో మాత్రం అందరికీ కలిపి ఒకే అంకె. 2015 మే వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. కూలిపనికి ఏ వేళ వెళ్లాలో తేల్చుకునేవారికి జిల్లా గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే గాలి తిరిగే వేళే ముఖ్యం.

కార్తెల మాట ఎత్తకపోతే పెద్దలు ఊరుకోరు. నాకు వాటి మీద గౌరవం ఉంది, భక్తి లేదు. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నారు. సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తెలోనూ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని. ఏడాది వానలో సింహభాగం నైరుతి నుంచే పొందే తెలంగాణకు అది సరిపోతుంది. మనకు ఉత్తర నాటికి ఆట సగమే అయింది. అక్టోబరులో ఈశాన్య గాలులు మొదలై డిసెంబరు దాకా వాన ఇస్తాయి. నెల్లూరుకైతే సగానికి పైగా వాన అప్పుడే. మనకు పనికొచ్చేది ఆ సామెత రెండో సగం: 'విశాఖ చూసి విడవర కొంప.' ఇప్పుడు నడుస్తున్నది విశాఖ కార్తే. నల్లరేగడిలో శనగ వేసినవారు, పొగాకు నాటినవారు ఈ పక్షంలో ఆకాశాన్ని ఎలా చూస్తారో నేను చెప్పనక్కరలేదు.

ఇంకో చిక్కు ఉంది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. ఋతువులు నడిచేది నక్షత్రాలను బట్టి కాదు, భూమి అక్షం వాలును బట్టి. ఆ అక్షం మెల్లగా దిశ మార్చుకుంటుంది కాబట్టి రెండింటికీ మధ్య సుమారు 71 ఏళ్లకు ఒక రోజు ఎడం పెరుగుతుంది. లెక్క వేస్తే 950 ఏళ్లకు ఒక కార్తె. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరం ఏలిన రోజుల్లో, ఋతువులో ఇప్పుడు మృగశిర ఉన్న చోట ఆరుద్ర ఉండేది. సామెతను ఏ ఊరివారు ఏ శతాబ్దంలో కట్టారో చూడకుండా తేదీ పట్టుకుని పంతానికి పోతే పంచాంగం తప్పూ కాదు, వాన తప్పూ కాదు.

ఈ వారంలోనే నవంబరు 19 వస్తుంది. 1977లో ఆ రోజు తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. వేలాది మంది చనిపోయింది మాత్రం అక్కడికి ఈశాన్యంగా ఉన్న దివిసీమలో. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చిపడింది అక్కడే. ఎందుకు? మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు తీరంలో తుఫాను కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి నీళ్లను తోస్తుంది, దక్షిణాన నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. 'ఎక్కడ తీరం దాటుతుంది' అన్న ఒక్క ముక్కే విని, అది మన ఊరు కాదులే అనుకోవడం అందుకే ప్రమాదం. దాటే చోటుకు మనం ఏ పక్కన ఉన్నామో చూసుకోవాలి.

దీనికి పందొమ్మిదో శతాబ్దంలో బాయ్స్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఉంది. గాలికి వీపు పెట్టి నిలబడితే మన ఎడమ చేతి వైపు, కొంచెం ముందుకు, అల్పపీడన కేంద్రం ఉంటుంది. పిల్లలూ, లేచి నిలబడండి. ఈశాన్యం నుంచి గాలి అనుకోండి. వీపు అటు తిప్పండి. ఎడమ చెయ్యి చాపండి. ఎటు చూపిస్తోంది? ఆగ్నేయం, అంటే బంగాళాఖాతం. అంతే. ఫోను పనిచేయని రాత్రి కూడా ఈ చెయ్యి పనిచేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను నెల్లూరు వైపు నుంచి తీరం వెంబడి పైకి వచ్చి బాపట్ల దగ్గర నేల ఎక్కింది. మా పీలికకు ముందు ఈశాన్యపు గాలి, తర్వాత ఉత్తరపు గాలి, ఆ తర్వాత వాయవ్యం. గాలి అలా ఉత్తరం మీదుగా తిరిగితే తుఫాను మనకు ఉత్తరంగా పోతున్నట్టు. తూర్పు మీదుగా ఆగ్నేయానికి తిరిగితే మనకు దక్షిణంగా పోతున్నట్టు. దిశ మారకుండా జోరు మాత్రం పెరుగుతూ పోతే? అప్పుడు తలుపులు బిగించుకుని లోపల ఉండాలి, పీలికను చూడటానికి డాబా ఎక్కకూడదు. తుఫాను కన్ను మన మీదికే వస్తోంది.

పసిఫిక్ మహాసముద్రంలో నడిమి, తూర్పు భాగాల నీళ్లు మామూలు కంటే వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు. దాని గురించి ఒక్క ముక్క చెప్పి దాటేస్తాను. ఎల్‌నినో అంటే కరువు అని పత్రికలు రాస్తాయి. నైరుతి విషయంలో ఆ భయానికి ఆధారం ఉంది. కానీ ఎల్‌నినో ఏడాదుల్లో ఈశాన్య రుతుపవనాలు మన దక్షిణ కోస్తాలో బలంగా ఉండటమే ఎక్కువ. 2015లో చెన్నైని, నెల్లూరును ముంచిన వానలు ఎల్‌నినో ఏడాదివే. దేశానికి చెప్పిన వార్తను ఊరికి అంటగట్టుకుంటే చిక్కు ఇలాగే వస్తుంది.

ఈ పదేళ్లలో మండలాల వారీగా వాన సంగతి చెప్పే కుర్రవాళ్లు చాలామంది తయారయ్యారు. వాళ్లంటే నాకు ఇష్టం. ఆ 'ఒకటి రెండు చోట్ల'ను విడమరిచి చెప్పే పని వాళ్లు చేస్తున్నారు. ఒకటే అసంతృప్తి: రేపటి బొమ్మ పెట్టేవారిలో నిన్నటి బొమ్మ ఎంత నిజమైందో చూపించేవారు తక్కువ. 'నా మాట నూటికి తొంభై నిజమవుతుంది' అనేవారిని నమ్మే ముందు ఒక లెక్క వేసుకోండి. ఒంగోలులో ఏడాదికి వాన పడే రోజులు యాభైకి అటూ ఇటూ. ఏమీ చూడకుండా రోజూ 'రేపు వాన లేదు' అనే మనిషి కూడా నూటికి ఎనభై అయిదు సార్లు గెలుస్తాడు. 1884లో అమెరికాలో ఫిన్లే అనే సైనికాధికారి తన సుడిగాలుల అంచనాలు నూటికి 96.6 నిజమయ్యాయని లెక్క చూపించాడు. అసలు సుడిగాలే రాదని రోజూ చెప్పి ఉంటే 98.2 వచ్చేదని విమర్శకులు తేల్చారు. వాన ఉందని చెప్పిన రోజుల్లో ఎన్నింట పడింది, పడిన రోజుల్లో ఎన్నింటిని ముందే చెప్పారు, ఈ రెండు ప్రశ్నలు అడగండి చాలు. అడగాలంటే మన దగ్గర మన ఊరి వాన లెక్క ఉండాలి.

ఆ పని ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. గ్రంథపాలకులు దయతో డాబా మీద ఒక మూల ఇస్తామన్నారు, నీళ్ల ట్యాంకుకు దూరంగా. గాజు పాత్ర, స్కేలు నేను తెచ్చాను. రోజూ పొద్దున 8:30కి కొలిచి గుమ్మం పక్కన నల్లబల్ల మీద రాయాలి, కింద ఆ రోజు సూచన ఏమన్నదో కూడా రాయాలి. ఆరు రోజులకు ఆరుగురు పిల్లలు పేర్లు ఇచ్చారు. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. ఆ రోజు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, మెట్లు ఎక్కేది ఎవరో ఈ సభ ముగిసేలోగా తేల్చండి.