ఫామ్ ప్లాట్ కొన్నారా, బర్రెలో వాటా కొన్నారా?

రెండేళ్ల కింద ఒక ఆదివారం మా బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, రిజిస్ట్రేషన్ అయిపోయింది. వికారాబాద్ అవతల ఐదు గుంటల ప్లాట్. వచ్చే దసరాకు ముగ్గు పోస్తున్నా, నువ్వు రావాలి."

"రిజిస్ట్రేషన్ ఎక్కడ అయింది బావా?"

"ఎమ్మార్వో ఆఫీసులో."

"అయితే నువ్వు ప్లాట్ కొనలేదు."

అటువైపు నుంచి చాలాసేపు చప్పుడు లేదు. అక్క ఫోన్ లాక్కుని "మంచి మాట ఒక్కటి రాదు నీ నోట్లోంచి" అంది. ఈ వీడియోకు కారణం ఆ ఫోనే అనుకోకండి. ఆ తర్వాత అలాంటివి ఇంకో పది వచ్చాయి. ఆఫీసులో ఒకాయన, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ, చివరికి నా పళ్ల డాక్టర్ కూడా. నోట్లో యంత్రం పెట్టి "నేనూ నాలుగు గుంటలు తీసుకున్నానండీ" అన్నాడు. నోరు తెరిచే ఉంది కానీ మాట్లాడే వీలు లేదు. ఆ కసి కూడా ఇవాళ ఇక్కడే తీర్చుకుంటా.

గుంటకు 121 గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. ఇది మీకు తెలిసిందే. మీకు చెప్పనిది వేరే ఉంది. తెలంగాణలో 2020 అక్టోబర్ చివర్లో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో, అంటే మన ఎమ్మార్వో ఆఫీసులో, ఇళ్లు, ప్లాట్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అవుతున్నాయి. ధరణి పోయి భూభారతి వచ్చినా ఆ పద్ధతి అలాగే ఉంది. అంటే బ్రోచర్‌లో ప్లాట్ అని రాసినా, విల్లా అని రాసినా, స్వర్గం అని రాసినా, మిమ్మల్ని తీసుకెళ్లి ఏ ఆఫీసు ముందు దించారో చూస్తే చాలు. ఎమ్మార్వో ఆఫీసు ముందు దించారా, మీరు కొన్నది చేను.

చేను కొనడం తప్పా? అస్సలు కాదు. మన రెండు రాష్ట్రాల్లో పొలం కొనడానికి రైతే అయి ఉండాలన్న షరతు లేదు. మహారాష్ట్రలో ఉంది. కాబట్టి కొనండి. కానీ చేనులో ముక్క, అదే ఫామ్ ప్లాట్, కొనడం వేరే సంగతి. అక్కడికి వెళ్లాలంటే బర్రె కథ కావాలి.

చిన్నప్పుడు మీరూ విన్నదే. అన్నదమ్ములు బర్రెను పంచుకుంటారు. ముందు సగం తమ్ముడికి, వెనక సగం అన్నకు. తమ్ముడు మేత వేస్తాడు, అన్న పాలు పిండుకుంటాడు. కథలో తమ్ముడికి కనీసం తన సగం ఏదో తెలుసు. ఫామ్ ప్లాట్‌లో అదీ తెలియదు. నలభై మంది కలిసి ఒక బర్రెను కొంటారు. ఒక్కొక్కరికి ఒక్కో కాగితం ఇస్తారు, "ఇందులో నీకు నలభయ్యో వంతు" అని. కొమ్మా, తోకా, పొదుగా? కాగితంలో ఉండదు.

నమ్మకపోతే మీ పట్టాదారు పాస్‌బుక్ తెరవండి. పేరు ఉంటుంది, ఖాతా నంబరు ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, పక్కన బై నంబరు, 0 ఎకరాల 5 గుంటలు అని విస్తీర్ణం ఉంటుంది. ఆ ఐదు గుంటలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో ఉండదు. మీ చేతిలో రంగుల మ్యాప్ ఉంది, అందులో మీది 37వ నంబరు ప్లాట్, తూర్పు ముఖం. నిజమే. కానీ ఆ మ్యాప్ వేసింది ప్రభుత్వం కాదు, అమ్మినాయన ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు. 2025లో వచ్చిన భూభారతి చట్టం పాస్‌బుక్‌లో పటం ఉండాలంటుంది, మంచి మాటే. చట్టంలో రాయడం వేరు, మీ ముక్క దగ్గరికి సర్వేయర్ వచ్చి గొలుసు లాగడం వేరు.

మా బావ ముక్క దగ్గరికి సర్వేయర్ వచ్చాడు. నేనూ వెళ్లాను, అది చెప్తా. గేటు బ్రహ్మాండంగా ఉంది, రెండు వైపులా ప్లాస్టర్ గుర్రాలు. లోపల ఎర్రమట్టి రోడ్డు, పసుపు రంగు వేసిన హద్దు రాళ్లు, రాయి రాయికీ నంబరు. సర్వేయర్ వాటి వంక కూడా చూడలేదు. టిప్పన్, అంటే పాత సర్వే కొలతల కాగితం, మడతలు విప్పి, చింతచెట్టు కింద సగం పూడిన పాత గెట్టు రాయి ఒకటి వెతికి పట్టుకుని అక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టాడు. కొలుస్తూ కొలుస్తూ పోతే 37 నంబరు రాయి దాకా రాకముందే సర్వే నంబరు అయిపోయింది. రాయి ఉన్నది పక్క చేనులో. పత్తి ఏరుతున్న ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, "ఏం సారూ, నా చేన్ల ఏం గొలుస్తున్నరు?" అంది. మా బావ మర్యాదగా, "అమ్మా, ఇది నా ప్లాట్" అన్నాడు. ఆమె నవ్వింది చూడండి, కోపపడినా బాగుండేది. "గిట్ల అన్నోళ్లు నీకంటే ముందు ముగ్గురొచ్చిన్రు" అంది.

అంటే ఏమైంది? బర్రె ఉన్నది ఇంత, అమ్మింది అంతకంటే ఎక్కువ. రికార్డులో విస్తీర్ణానికి, నేల మీద ఉన్నదానికి తేడా ఉండటం మన దగ్గర కొత్త కాదు. రైతుల మధ్య అయితే గెట్టు పంచాయితీ పెట్టుకుని ఎలాగో సర్దుకుంటారు. నలభై ముక్కలు చేసి అమ్మాక ఆ తేడా అంతా చివర కొన్నవాడి నెత్తిన పడుతుంది. అమ్మినాయన ఫోన్ ఎత్తుతాడా? ఎత్తుతాడు. "సర్వే తప్పు సార్" అంటాడు.

ఇప్పుడు రోడ్డు. నాకు అన్నిటికంటే మంట ఇక్కడే. అనుమతి ఉన్న లేఅవుట్‌లో, అనుమతి ఇచ్చిన సంస్థ హెచ్‌ఎండీఏ కానీ డీటీసీపీ కానీ, రోడ్లు, పార్కు జాగ గిఫ్ట్ డీడ్ కింద పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిస్తారు. అవి ఇక ఎవరి సొంతమూ కాదు. ఫామ్ ప్లాట్ల మధ్య ఉన్న 30 అడుగుల రోడ్డు ఎవరిది? చాలాచోట్ల పాత పట్టాదారుదో, అమ్మినాయనదో. వాళ్ల పాస్‌బుక్‌లో అది ఇంకా సాగుభూమే. నేల మీద రోడ్డు, కాగితం మీద కందిచేను! రేపు ఆయన కొడుకు వచ్చి రోడ్డును దున్నితే మీరు ఏ కాగితం చూపిస్తారు? కొమ్ములు మీవి, తోక మీది, సరే. బర్రె నిలబడ్డ కొట్టం మాత్రం వేరేవాడిది.

డబ్బు లెక్క ఒకటి వేద్దాం. ఇవి ఉదాహరణకే, ఏ ఊరి రేట్లూ కావు. (స్క్రీన్ మీద లెక్క) అమ్మినాయన ఎకరం 60 లక్షలకు కొన్నాడు. రోడ్లకు 12 గుంటలు పోయాయి, మిగిలినవి 28. గజం 4 వేలు అన్నాడు, మీకు చవకగా వినిపించింది, ఎందుకంటే మీ మనసులో పోలిక సిటీతో. గుంటకు 4 లక్షల 84 వేలు. 28 గుంటలకు 1 కోటి 35 లక్షల పైన. మధ్యలో ఆయన పెట్టిన ఖర్చు మట్టి రోడ్డు, గేటు, రెండు గుర్రాలు. మీరు చేసిన తప్పేంటంటే చేనును గజాల్లో బేరమాడారు. చేనును ఎకరాల్లో బేరమాడాలి. పక్కనే పత్తి వేసిన ఆమెను ఎకరం ఎంతని అడిగి 4,840తో భాగిస్తే అసలు రేటు తెలుస్తుంది. సైట్ విజిట్‌కు కారు పెట్టి, మటన్ బిర్యానీ పెట్టి, సాయంత్రం లోపు అడ్వాన్స్ కట్టించుకునేది మీరు ఆమెతో మాట్లాడకుండా ఉండటానికే. బర్రెను నీళ్లలో ఉంచి బేరం చేయడమంటే ఇదే.

మరి ఇంత తెలిసినవాళ్లు కూడా ఎందుకు పడిపోతున్నారు? ఆశ ఒక్కటే కాదు. నేనూ పడిపోయేవాణ్ణే. మీరు ఒకసారి వానాకాలంలో చేవెళ్ల దారిన వెళ్లండి. రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లు వందల కొద్దీ, పైన కొమ్మలు కలిసి పందిరి వేసినట్టు ఉంటాయి. వాటి కోసమే ఆ రోడ్డు విస్తరణ కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. తర్వాత వికారాబాద్, అనంతగిరి. మన మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. నిజాం కాలంలో క్షయ రోగులకు ఆసుపత్రి అక్కడ పెట్టారు, గాలి బాగుంటుందని. ఇంకొంచెం ముందుకు పోతే తాండూరు, నాపరాళ్లు, కందిపప్పు. ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొద్దున ఆరింటికి అక్కడ తలుపు తీస్తే వచ్చే మట్టి వాసన, కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉండేవాడికి ఏమవుతుందో నాకు తెలుసు. ఆ కోరికను నేను వెక్కిరించను. దాన్ని గుంటల్లో కోసి అమ్మేవాళ్ల మీదే నా కోపం.

పైగా ఆ వాసనతో పాటు వచ్చేవి బ్రోచర్‌లో ఉండవు. కోతులు. అడవి పందులు. నెమలి ఫొటోలో బాగుంటుంది, మీ టమాటా నారు మీద బాగుండదు. ఎండాకాలంలో బోరు ఎన్ని అడుగులకు పడిందో పక్క చేను వాళ్లను అడగండి. రాత్రి పదింటికి అమ్మకు ఆయాసం వస్తే ఎంత దూరం పోవాలో ఒకసారి బండి నడిపి చూడండి, పగలు కాదు, రాత్రే.

శ్రీగంధం సంగతి చెప్పకుండా ఎలా? "ఐదు గుంటలు కొనండి, శ్రీగంధం మొక్కలు మేమే పెడతాం, పదిహేనేళ్లకు కోటి." శ్రీగంధం వేళ్లు పక్క మొక్క వేళ్లను పట్టుకుని కొంత ఆహారం లాక్కుంటాయి. అందుకే తెలిసిన రైతు పక్కన కంది లాంటి తోడు మొక్క పెడతాడు. మా బావ వాళ్ల వెంచర్‌లో శ్రీగంధం ఒంటరిగా నిలబడి ఉంది, డ్రిప్పు పైపు ఎండకు పగిలి. బర్రె పాలిస్తుందన్నారు, మేత వేసేదెవరో చెప్పలేదు. ఇంక బై బ్యాక్, అంటే మళ్లీ మేమే కొంటాం అని, నెలనెలా వడ్డీ అని ఎవరైనా అంటే ఈ వీడియో ఆపేసి అయినా సరే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

టైం చూస్తే అయిపోవచ్చింది, అసలు పనికొచ్చేది ఇప్పుడు మొదలవుతోంది. ఎప్పుడూ ఇంతే నాతో. గబగబా చెప్తా, కావాలంటే వెనక్కి తిప్పుకోండి.

"నాలా చేయిస్తాం" అంటారు. నాలా అంటే సాగుభూమిని సాగేతర భూమిగా మార్చడం, అంతవరకే. దాంతో లేఅవుట్ అయిపోదు, లేఅవుట్ అనుమతి వేరే. సర్పంచ్ సంతకంతో కూడా అయిపోదు. రిజిస్ట్రేషన్ అయిందంటే అమ్మకం అయిందని అర్థం, ఇంటికి అనుమతి వచ్చిందని కాదు.

అమెరికా వాళ్లు ఒక్క నిమిషం. విదేశీ మారక చట్టం కింద ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు మన దగ్గర సాగుభూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే పర్లేదు. ఫ్లాటు, అనుమతి ఉన్న ప్లాటు కొనుక్కోవచ్చు. డాలస్‌లో హోటల్ హాల్లో స్టాల్ పెట్టి గుంటలు అమ్మేవాడు ఇది చెప్పడు. అమ్మ పేరు మీద కొంటున్నా అంటే అది అమ్మ భూమి, మీ చెల్లెలికీ వాటా ఉంటుంది, గుర్తుంచుకోండి.

ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కొనకండి, 1977 చట్టం ఉంది, ఎన్ని చేతులు మారినా లాభం లేదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా చూడండి. భూమి మీద జరిగిన పాత లావాదేవీలు చూపే ఈసీ తీయండి. పాత పహాణీలు, అంటే భూమి ఎవరిది, ఎవరు సాగు చేశారు అన్న రికార్డులు, తీయించండి. చెరువు దగ్గర అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ ఎక్కడిదాకో చూడండి. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు అయితే జంట జలాశయాల కోసం కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో, 84 గ్రామాలు. దాని మీద విడిగా వీడియో కావాలి, ఇందులో పట్టదు. రీజినల్ రింగ్ రోడ్డు పక్కనే అంటే, పక్కనా, సరిగ్గా మీదా అని అడగండి. డబ్బు కట్టకముందే సర్వే చేయించండి, కట్టాక కాదు. ఈ గొడవలన్నీ వద్దంటే నలుగురు చుట్టాలు కలిసి హద్దులున్న ఎకరం కొనండి. అప్పుడు బర్రె మొత్తం మీదే, పాల కోసం మీలో మీరు కొట్టుకోవచ్చు.

నన్నడిగితే ఏదీ కొనకముందు ఊళ్లో ఒక పాత ఇల్లు ఆరు నెలలు అద్దెకు తీసుకోండి. పట్నం పోయినవాళ్ల ఇళ్లు తాళాలేసి ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఒక వానాకాలం, సగం ఎండాకాలం గడపండి. మీకే తెలుస్తుంది.

మా బావ సంగతా? ఇల్లు కట్టలేదు. కొలతల్లో తేలిన మూడు గుంటల చిల్లర చుట్టూ కంచె వేశాడు. ఆ పత్తిచేను ఆమె సలహాతోనే కంది చల్లాడు. పందులు తినగా మిగిలినవి పదిహేను కిలోలు, మాకు రెండు కిలోలు పంపాడు. మెత్తగా ఉడికింది పప్పు.